విశాఖ సాగర్ నగర్‌లో ఒక ఇంటి లాన్‌కు భూమిలోపలి స్ప్రింక్లర్ లైను: లెక్కలు, సామాన్లు, పరీక్షలు

ఇంటి ముందు పచ్చిక 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మొత్తం 96 చదరపు మీటర్లు. తూర్పున ప్రహరీ, దాని అవతల ఖాళీ జాగా, ఆ తర్వాత బీచ్ రోడ్డు. అడుగున ఎర్ర ఇసుక నేల. దాని మీద 15 సెంటీమీటర్ల మందాన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పోశారు. గడ్డి గరిక జాతిది, బజారులో బెర్ముడా అంటారు. ఇంటి అరుగు నుంచి గేటు వైపు నేల 60 సెంటీమీటర్లు వాలింది. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబుతో ఇది ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఈ ఒక్క కొలత లేకపోయినా తర్వాత గేటు దగ్గర బురద తప్పదు.

ఇంటివారు కోరినవి మూడు. తెల్లవారుజామున లాన్ దానంతట అదే తడవాలి. నడిచేచోట పైపు కనబడకూడదు. ఇంటి వాడకానికి నీళ్లు తగ్గకూడదు. ఈ మూడోదే డిజైన్‌లో సగం విషయాలను నిర్ణయించింది.

మొదట నీళ్లు, తర్వాతే పైపులు

విశాఖలో స్ప్రింక్లర్ పని చాలాచోట్ల నాజిల్ కొనడంతో మొదలై, మోటారు దగ్గర ఆగిపోతుంది. వరస తిరగబడాలి. నీళ్లు ఎక్కడివి, ఎంత ఒత్తిడితో వస్తాయి, నిమిషానికి ఎన్ని లీటర్లు, అవి ఎంత ఉప్పగా ఉన్నాయి అన్న నాలుగింటికీ జవాబు దొరికాకే కాగితం మీద గీత గీయాలి.

ఈ ఇంట్లో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఒకే 8,000 లీటర్ల సంపులో పడతాయి. కుళాయి రోజుకు కొంతసేపే వస్తుంది, దాని ఒత్తిడి మీద భరోసా లేదు. కాబట్టి దాన్ని నేరుగా స్ప్రింక్లర్‌కు కలిపే ఆలోచనే వద్దు. సంపు నుంచి తోడాల్సిందే.

మేడ మీద ట్యాంకు ఉంది కదా, అది చాలదా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. చాలదు. 10 మీటర్ల ఎత్తు నీళ్లకు సుమారు 1 బార్ ఒత్తిడి. ఇక్కడ ట్యాంకులో నీటి మట్టం లాన్ కంటే 9 మీటర్లు పైన ఉంది. పైపులో తరుగుదల తీసేయకముందే 0.9 బార్. ఎంచుకున్న నాజిల్‌కు దాని మూతి దగ్గరే 2.8 బార్ కావాలి. ట్యాంకు నుంచి ఇస్తే పాప్-అప్ (నీళ్ల ఒత్తిడికి నేలలోంచి పైకి లేచే నాజిల్ గొట్టం) పూర్తిగా పైకి లేవదు. లేచినా నీళ్లు చుట్టూ అడుగు దూరంలోనే పడతాయి.

మోటారు దగ్గర కావలసిన ఒత్తిడి లెక్క ఇలా వచ్చింది: నాజిల్‌కు 28 మీటర్ల హెడ్ (ఒత్తిడిని నీటి ఎత్తుగా చెప్పే కొలత), పాప్-అప్ బాడీలోని ప్రెషర్ రెగ్యులేటరుకు, బాడీని లైనుకు కలిపే స్వింగ్ పైపుకు కలిపి 3, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వుకు 2, ఫిల్టరుకు 2, పైపుల్లో రాపిడికి 2. మొత్తం 37 మీటర్లు, అంటే డెలివరీ వైపు గేజ్ మీద 3.7 బార్. సంపు నుంచి పైకి లాగే 2 మీటర్లు దీనికి అదనం.

ఇంట్లో అప్పటికే ఉన్న 0.5 హెచ్‌పీ మోటారుకు గేజ్ బిగించి, బాల్ వాల్వును మెల్లగా మూస్తూ చూస్తే 3 బార్ దగ్గరే ధార సన్నబడిపోయింది. దాన్ని ట్యాంకు నింపడానికే వదిలేసి, లాన్‌కు విడిగా 1 హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ మోటారు పెట్టాం. గేజ్ 3.7 బార్ చూపిస్తుండగా 20 లీటర్ల బకెట్ 41 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 29 లీటర్లు. మోటారు పెట్టె మీద రాసిన గరిష్ఠ హెడ్, గరిష్ఠ నీళ్లు రెండూ ఒకేసారి ఎప్పుడూ రావు. గేజ్, బకెట్, గడియారం చెప్పిందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ఉప్పు. తీరానికి దగ్గరి బోరు కాబట్టి నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే 900 పీపీఎం వచ్చింది. విద్యుత్ వాహకతలో ఇది మీటరుకు సుమారు 1.4 డెసిసీమెన్లు. సాగునీటికి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాల్లో 0.7 లోపు నీటికి అభ్యంతరం లేదు. 0.7 నుంచి 3 వరకు జాగ్రత్తగా వాడాలి. 3 దాటితే గట్టి ఆంక్షలు అవసరం. ఈ నీళ్లు మధ్య తరగతిలో పడ్డాయి. గరిక దీన్ని తట్టుకుంటుంది. కానీ ఎండలో ఆకు మీద చల్లితే నీరు ఆవిరై ఉప్పు ఆకు మీదే మిగిలి, కొసలు మాడతాయి. బోరు ఇంతకంటే ఉప్పగా ఉన్న ఇళ్లలో వేసవి మధ్యలో మరోసారి కొలిచి తీరాలి. నీటిమట్టం దిగేకొద్దీ ఉప్పు పెరగవచ్చు.

గాలే నాజిల్‌ను ఎంచింది

విశాఖ తీరంలో పొద్దెక్కాక సముద్రం నుంచి గాలి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. మామూలు స్ప్రే నాజిల్ నీళ్లను సన్నటి తుంపరగా విసురుతుంది. గాలి ఉన్నప్పుడు ఆ తుంపర లాన్ మీద కంటే ఇంటి గోడ మీదే ఎక్కువ పడుతుంది. అందుకే విడివిడి ధారలుగా తిరుగుతూ చల్లే రొటేటర్ నాజిల్ తీసుకున్నాం. వీటి చుక్క పెద్దది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది.

దీని అసలు లాభం నీటి లెక్కలో ఉంది. 4 మీటర్ల వ్యాసార్ధానికి పూర్తి వృత్తం చల్లే రొటేటర్ నిమిషానికి సుమారు 3.1 లీటర్లు తీసుకుంటుంది. అర్ధ వృత్తానిది 1.6, పావు వృత్తానిది 0.8. దాదాపు అంతే దూరం చల్లే స్ప్రే నాజిల్ పూర్తి వృత్తానికి 10 లీటర్ల దాకా తాగుతుంది.

నాజిళ్లను 4 మీటర్ల ఎడంతో పెట్టాం. ఒకదాని ధార పక్కదాని మొదలు దాకా చేరాలి. దీన్నే హెడ్-టు-హెడ్ అంటారు. 12 మీటర్ల పొడవుకు వరసకు 4, 8 మీటర్ల వెడల్పుకు 3 వరసలు, మొత్తం 12. మూలల్లో 4 పావు వృత్తాలు, అంచుల్లో 6 అర్ధ వృత్తాలు, మధ్యలో 2 పూర్తి వృత్తాలు. నీళ్లు: 3.2, 9.6, 6.2. కలిపితే నిమిషానికి 19 లీటర్లు. మొత్తం లాన్ ఒకే జోన్‌లో, అంటే ఒకే వాల్వు కింద, సరిపోయింది. స్ప్రే నాజిళ్లయితే ఇదే అమరికకు సుమారు 59 లీటర్లు కావాలి. ఈ మోటారుతో మూడు జోన్లు, మూడు వాల్వులు చేయాల్సి వచ్చేది. రొటేటర్ ఖరీదు ఎక్కువైనా వాల్వులు, తీగలు, పెద్ద పైపు మిగిలిపోవడంతో తేడా చాలావరకు సర్దుకుంటుంది.

గంటకు పడే నీళ్లు కూడా ముఖ్యమే. 19 లీటర్లను 60తో హెచ్చించి 96తో భాగిస్తే గంటకు సుమారు 12 మిల్లీమీటర్లు. స్ప్రే అయితే 37. వాలు ఉన్న నేల మీద 37 మిల్లీమీటర్లు ఇంకేలోపే గేటు వైపు పారతాయి. ఒకే జోన్‌లో స్ప్రే, రొటేటర్ కలిపి పెట్టడం ఎక్కడ కనబడినా మార్పించాల్సిందే. స్ప్రే కింద బురద అవుతుంటే రొటేటర్ కింద గడ్డి ఎండుతుంది. టైమర్‌ను ఎంత తిప్పినా అది సరిపడదు.

ప్రహరీ వెంట 22 మీటర్ల మందారం, నందివర్ధనం వరసకు స్ప్రింక్లర్ పెట్టలేదు. 16 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ డ్రిప్ పైపు వేశాం. 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు. 55 డ్రిప్పర్లకు గంటకు 220 లీటర్లు, అంటే నిమిషానికి 4 లీటర్ల లోపు. దీనికి 1 బార్ రెగ్యులేటరు, విడి వాల్వు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. 29 లీటర్లు ఇచ్చే మోటారును 4 లీటర్లకే తిప్పితే ఒత్తిడి పెరుగుతుంది, లోపలి నీరు వేడెక్కుతుంది, సీలు పాడవుతుంది. అందుకని మోటారు దాటగానే టీ వేసి, ముప్పావు అంగుళం పైపుతో, బాల్ వాల్వుతో నీళ్లు తిరిగి సంపులోకి పడేలా బైపాస్ ఇచ్చాం. లాన్ జోన్ నడుస్తుండగా గేజ్ 3.7 చూపేవరకు ఈ వాల్వును తెరిచి, పిడి తీసి పక్కన పెట్టాలి. పిడి ఉంటే ఎవరో ఒకరు మూసేస్తారు.

సామాన్లు

మెయిన్‌కు, దాన్నుంచి వరసలకు నీళ్లు పంచే హెడరుకు 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (వంగే నల్ల ప్లాస్టిక్) పైపు 30 మీటర్లు. మూడు వరసలకు 25 మిల్లీమీటర్లది 40 మీటర్లు. పైపు మీద ఐఎస్ 4984 గుర్తు చూసి తీసుకోవాలి. 19 లీటర్లకు 32 పైపులో వేగం సెకనుకు 0.55 మీటరు మాత్రమే. 1.5 మీటర్లు దాటనంతవరకు రాపిడి గురించి, వాల్వు మూసుకున్నప్పుడు వచ్చే దెబ్బ గురించి భయం లేదు.

25 పైపుకు అర అంగుళం శాడిళ్లు (పైపును పట్టి పక్కకు దారి ఇచ్చే బిగింపులు) 12. ఒక్కో హెడ్‌కు, అంటే నాజిల్ బిగించిన పాప్-అప్‌కు, 30 సెంటీమీటర్ల మెత్తటి స్వింగ్ పైపు, రెండేసి ఎల్బోలు. ఆగాక నీళ్లు కారకుండా ఆపే చెక్ వాల్వు, 2.8 బార్ రెగ్యులేటరు లోపలే ఉన్న 4 అంగుళాల పాప్-అప్ బాడీలు 12, రొటేటర్ నాజిళ్లు 12. అంగుళం సైజు 24 వోల్టుల సోలెనాయిడ్ వాల్వులు 2, మూతతో ప్లాస్టిక్ వాల్వు పెట్టె 1. 130 మైక్రాన్ల డిస్క్ ఫిల్టరు 1, ఫిల్టరుకు ముందూ వెనకా రెండు గేజ్‌లు. వాల్వులను, మోటారును వేళకు నడిపే నాలుగు స్టేషన్ల కంట్రోలరు, రెయిన్ సెన్సర్, నాలుగు పోగుల తీగ, గ్రీజు నింపిన కనెక్టర్లు.

హెచ్‌డీపీఈ బదులు యూపీవీసీ వేసినా తప్పు లేదు. కానీ ఇసుక నేల కుదుటపడేటప్పుడు పైపు కాస్త వంగాలి, అతుకు విడవకూడదు. యూపీవీసీలో అతికించే సాల్వెంట్ సిమెంటు ఆరకముందే మట్టి కప్పే తొందర పనిచోట ఎప్పుడూ ఉంటుంది. వంగే కాయిల్ పైపుతో ఆ బెడదా తగ్గుతుంది, అతుకులూ తగ్గుతాయి. చెక్ వాల్వు లేని బాడీలు చవగ్గా దొరుకుతాయి. 60 సెంటీమీటర్ల వాలున్న లాన్‌లో అవి వాడితే, మోటారు ఆగిన ప్రతిసారీ లైనులో ఉన్న నీళ్లన్నీ కింది హెడ్ నుంచి కారిపోయి గేటు దగ్గర నిలుస్తాయి. మర్నాడు గాలి నిండిన లైనులోకి నీళ్లు దూసుకొచ్చి హెడ్లు టపటపా కొట్టుకుంటాయి.

తవ్వకం, పైపు

గీతలకు ముగ్గు పిండి చాలు. హెడ్ వచ్చే 12 చోట్లా పుల్లలు పాతి, నూలుతాడుతో కొలిచి, తర్వాతే గునపం దించాలి. ముందురోజు సాయంత్రం గీత వెంట నీళ్లు కడితే ఇసుక గోడలు కూలవు. గడ్డిని 30 సెంటీమీటర్ల చదరాలుగా పారతో కోసి, నీడలో తడి గోనె సంచుల మీద పరచాలి. మర్నాటికల్లా తిరిగి నాటాలి. ఎండలో వదిలేస్తే సాయంత్రానికే అంచులు పసుపెక్కుతాయి.

లోతు మెయిన్‌కు 30 సెంటీమీటర్లు, వరసలకు 25. అడుగున రాళ్లు ఏరేయాలి. కారు వచ్చే ఇంటర్‌లాక్ రాళ్ల కింద 3 మీటర్లు మెయిన్‌ను, తీగను 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపులోంచి పంపాం. కొబ్బరిచెట్టుకు 2 మీటర్ల దూరం పాటించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డ ఊరిది. కూలే చెట్టు తన వేళ్లతో పాటు పైపునూ పెళ్లగించేస్తుంది. తవ్వకానికి జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను సూచన ఉంటే గోతులు తెరిచి ఉంచకూడదు.

కంప్రెషన్ ఫిట్టింగుల్లో లీకు చాలావరకు ఒకే కారణంతో వస్తుంది: పైపు కొసను ఏటవాలుగా చెక్కకుండా దూర్చడం. కొస పదునుగా ఉంటే లోపలి రబ్బరు రింగు తెగుతుంది లేదా మడతపడుతుంది. కొస చెక్కి, ఎంతలోపలికి వెళ్లాలో పైపు మీద పెన్నుతో గీత గీసి, సబ్బునీళ్లు రాసి, గీత దాకా తోయాలి. మరలున్న చోట టెఫ్లాన్ టేపు చాలు, సఫేదా అక్కర్లేదు.

శాడిల్‌కు రంధ్రం చేసినప్పుడు హెచ్‌డీపీఈ చుట్టలు చుట్టలుగా పైపులోనే పడుతుంది. ఫిల్టరు దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఇది ఫిల్టరు దాటాక పుట్టిన చెత్త. నాజిళ్లు పెట్టకుండా, బాడీల మూతలు తీసి, ఒక్కో వరసను చివరి హెడ్ నుంచి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఒక్కో వరసకు రెండు మూడు నిమిషాలు. తర్వాత అన్నిటికీ బిరడాలు బిగించి, గోతులు తెరిచే ఉంచి, 4 బార్ దగ్గర అరగంట నిలపాలి. తడి కనబడితే ఆ అతుకు విప్పి మళ్లీ బిగించాకే మట్టి.

మట్టిని 10 సెంటీమీటర్ల పొరలుగా పోస్తూ నీళ్లు కట్టాలి. ఇసుక నేల నీళ్లతో చక్కగా అణుగుతుంది. బంకమట్టి అయితే నీళ్లు కట్టకుండా దిమ్మిసతో కొట్టాలి.

హెడ్ పైతలం నేల మట్టానికి సమంగా ఉండాలి. గడ్డి కొసలకు సమంగా పెడితే కోత యంత్రం బ్లేడు తగులుతుంది. లోతుగా పెడితే మట్టి కప్పేస్తుంది. వాలులో హెడ్‌ను నిట్టనిలువుగా కాకుండా నేల వాలుకు లంబంగా నిలపాలి. ప్రహరీ నుంచి 10 సెంటీమీటర్లు లోపలికి జరిపితే ధార గోడను తడపదు. గోడ మీద ఉప్పు మరకలు పడితే ఎంత రుద్దినా పోవు.

వాల్వు పెట్టె, కరెంటు

వాల్వు పెట్టె అడుగున 10 సెంటీమీటర్ల కంకర. వానాకాలంలో పెట్టె నిండినా నీళ్లు దిగిపోవాలి. తీగ అతుకులు పెట్టెలోనే ఉండాలి, మధ్య దారిలో ఒక్కటీ వద్దు. ఒక్కో తీగ 30 సెంటీమీటర్లు అదనంగా చుట్టి వదలాలి. ఉప్పుగాలిలో రాగి కొసలు పచ్చబడి కాంటాక్టు పోతుంది. ఇన్సులేషన్ టేపు చుడితే ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు, గ్రీజు కనెక్టరే వాడాలి.

కంట్రోలరు ఇచ్చే 24 వోల్టులతో మోటారును నేరుగా తిప్పలేం. దాని చిన్న కరెంటుకు, మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టరు కాయిల్ కూడా బరువే. కంట్రోలరు నుంచి చిన్న రిలేకు, ఆ రిలే నుంచి 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టరుకు, దాని నుంచి మోటారుకు. మధ్యలో ఓవర్‌లోడ్ రిలే, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. తడి గడ్డి మీద పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే చోట ఆర్‌సీసీబీ లేకుండా ఈ మోటారును నడపకూడదు. కాంటాక్టరు పెట్టెకున్న ప్రతి రంధ్రానికీ తీగ చుట్టూ సందు మూసే గ్లాండు బిగించాలి. బల్లులు, చీమలు దూరి కాంటాక్టుల మధ్య చస్తే మోటారు ఆగిపోతుంది, ఒక్కోసారి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇంటివారి మూడో కోరికకు జవాబు ఫ్లోట్ స్విచ్. సంపులో నీళ్లు 3,000 లీటర్లకు దిగగానే లాన్ మోటారు ఆగేలా తీగ పొడవు సరిచేశాం. ఆ మిగిలినవి ఇంటివి. కానీ ఫ్లోట్ అన్నిటికీ కాపలా కాదు. సంపు నిండుగానే ఉండి ఫుట్ వాల్వు (పీల్చే పైపు కొసన నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) కారితే మోటారు ఖాళీగా తిరుగుతుంది. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా సీలు కాలిపోతుంది. దానికి కరెంటు తగ్గితే కనిపెట్టి ఆపే డ్రై రన్ రిలే వేరుగా ఉండాలి. ఈ రెండింటి మీద పొదుపు చేయడం ఎవరికీ మంచిది కాదు.

గ్లాసులతో పరీక్ష

పని బాగుందో లేదో కంటితో చెప్పలేం. ఒకే సైజు గ్లాసులు 20, మూతి 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవి, లాన్ అంతటా సమ దూరంలో పెట్టి 30 నిమిషాలు నడపాలి. 7 సెంటీమీటర్ల మూతికి 3.85 మిల్లీలీటర్లు పడితే 1 మిల్లీమీటరు వాన పడినట్టు. మందుల సిరంజితో ఒక్కోదాన్ని కొలిచి రాయాలి. అన్నిటి సగటు ఒకటి, అతి తక్కువ పడ్డ 5 గ్లాసుల సగటు ఒకటి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే సమానత.

సాయంత్రం 5 గంటలకు గాలిలో చేస్తే సగటు 17 మిల్లీలీటర్లు, అడుగు ఐదింటిది 8.8. సమానత 0.52. తెల్లవారుజామున అదే లైను, అవే నాజిళ్లతో సగటు 21, అడుగు ఐదింటిది 15. సమానత 0.71కి చేరింది. నీళ్లు ఎప్పుడు పెట్టాలన్నదానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

0.71ను ఇంకా పెంచవచ్చు. తక్కువ పడ్డ గ్లాసులు రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. ఆగ్నేయ మూలలో మట్టి కుంగి హెడ్ ఒక పక్కకు ఒరిగింది. మధ్య వరసలో ఒక అర్ధ వృత్తపు నాజిల్ జల్లెడలో సన్నటి హెచ్‌డీపీఈ చుట్ట ఇరుక్కుంది. హెడ్‌ను తవ్వి నిలబెట్టి, జల్లెడ కడిగి, తెల్లవారుజామున మళ్లీ పెడితే సగటు 21.5, అడుగు ఐదింటిది 16.8. సమానత 0.78. రెండుచోట్లా కారణం మట్టి అణచడంలో, లైను కడగడంలో ఉంది. నాజిల్ తప్పేమీ లేదు. గడ్డి ఎండితే నాజిల్ మార్చడానికి ముందు ఈ రెండూ చూడాలి.

ఎన్ని నిమిషాలు

మే నెలకు రోజుకు 5 మిల్లీమీటర్ల అవసరం లెక్కగా తీసుకున్నాం. గ్లాసుల సగటు ప్రకారం గంటకు 11.2 మిల్లీమీటర్లు పడుతోంది కాబట్టి 27 నిమిషాలు. తక్కువ పడే చోట్లకు కూడా అందాలని 32కు పెంచి, 16 నిమిషాల చొప్పున రెండు విడతలుగా, మధ్యలో అరగంట విరామంతో 4.30కు మొదలయ్యేలా పెట్టాం. ఖర్చు రోజుకు సుమారు 610 లీటర్లు. రెండు విడతల మధ్య విరామంలో డ్రిప్ నడుస్తుంది.

వేసవిలో రోజు విడిచి రోజు తడపడం ఇక్కడ కుదరదు. 15 సెంటీమీటర్ల వేళ్ల లోతులో ఈ తేలిక నేల గడ్డికి పనికొచ్చే నీళ్లను 10 మిల్లీమీటర్లు మాత్రమే దాచుకుంటుంది. అందులో సగం అయిపోగానే గడ్డి వాడుతుంది. సగం అంటే 5 మిల్లీమీటర్లే, మేలో ఒక రోజు ఖర్చు. డిసెంబరు, జనవరిల్లో రోజు విడిచి రోజు అవే 32 నిమిషాలు సరిపోతాయి. బంకమట్టి ఉన్న ఇళ్లకు ఈ షెడ్యూలు నకలు చేయకూడదు. అక్కడ రెండు మూడు రోజులకు ఒకసారి, ఎక్కువసేపు పెట్టాలి.

రెయిన్ సెన్సర్‌ను 6 మిల్లీమీటర్లకు పెట్టి, చూరు కింద కాకుండా వాన నేరుగా తగిలేచోట బిగించాం. జూన్ నుంచి వానలు కుదిరాక కంట్రోలరును ఆపేయడమే మంచిది. ఆ వానలే నేలలో పేరుకున్న ఉప్పును కిందికి కడుగుతాయి. వానలు వెనకబడితే వారానికి ఒకరోజు మామూలుకు రెట్టింపు నీళ్లు పెట్టి ఉప్పును వేళ్ల కిందికి తొయ్యాలి.

ఫిల్టరు ముందూ వెనకా గేజ్‌ల మధ్య తేడా 0.5 బార్ దాటిన రోజు డిస్కులు విప్పి కడగాలి. బోరు ఇసుక తోడే నెలల్లో ఇది వారానికోసారి వస్తుంది. నాజిళ్ల మీద తెల్లటి పొర కడితే విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాలి, పిన్నుతో గుచ్చితే రంధ్రం ఆకారం మారి ధార చెదురుతుంది. కలుపు తీసేవారికి వాల్వు పెట్టె, తీగ వెళ్లే దారి చూపించి, 12 హెడ్ల నుంచి ఇంటి గోడకున్న దూరాలు రాసిన పటం ఒకటి కంట్రోలరు మూత లోపల అంటించాం.